కాగితం చుట్టిన సీసపు బుల్లెట్: పాత షార్ప్స్ రైఫిల్‌లో పెట్టే ముందు జాగ్రత్తలు

అమెరికాలో షార్ప్స్ కంపెనీ 1881లో మూతపడింది. అంటే ఆ కంపెనీ చేసిన అసలు రైఫిల్ ఏది దొరికినా దానికి 140 ఏళ్లు దాటాయన్నమాట. ముందు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించండి. ఆయన బాగుందన్నా సరే, బ్లాక్ పౌడరే (పాతకాలపు నల్ల తుపాకీమందు) వాడాలి, స్మోక్‌లెస్ (పొగ తక్కువ వచ్చే కొత్తరకం మందు) జోలికి పోవద్దు. తూటాలో మందుకీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఉంటే బ్యారెల్ ఉబ్బిపోవచ్చు.

బుల్లెట్ పోయడానికి సీసం కరిగించేది గాలి ఆడే చోటే. ఒక్క నీటిచుక్క పడినా కరిగిన సీసం చిమ్మి మీద పడుతుంది. చేతులు కడిగేదాకా టీ కప్పు ముట్టుకోవద్దు.

అసలు తిప్పలన్నీ కాగితంతోనే. పల్చటి నూలు కాగితాన్ని ఏటవాలుగా కోసి, తడిపి, బుల్లెట్‌కి సరిగ్గా రెండు చుట్లు చుట్టాలి. అంచులు కలవాలి కానీ ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది. వేళ్లతో తిప్పితే జారిందా, పక్కన పడేయండి.

☐ షాట్‌కీ షాట్‌కీ మధ్య, రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బ్యారెల్‌ని తడిగుడ్డతో తుడవండి. మసి మిగిలితే తర్వాతి కాగితం చిరిగి సీసం అంటుకుంటుంది.
☐ కళ్లద్దాలు, చెవులకు రక్షణ.
☐ వేటకు ముందు రేంజ్‌లో కాల్చి, బ్యారెల్ మూతి ముందు నేల చూడండి. కాగితం చిన్న చిన్న ముక్కలై రాలితే అంతా బాగున్నట్టే. ఆ ముక్కలు ఒక్కోసారి రాజుకుంటూ పడతాయి, ఎండుగడ్డి ఉంటే బకెట్ నీళ్లు దగ్గరుంచుకోండి.
☐ మీ రాష్ట్రం రూల్స్ చూడండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసపు తూటాలు నిషేధం.