ముఖచిత్రం చదవడం – 4వ పాఠం: రాబోయే నవల అట్టతో కొన్నాళ్లు

కిందటి పాఠంలో చదివేసిన నవలలు నాలుగు తీసుకుని, అట్టను బొమ్మ, నవల పేరు, రచయిత పేరు, ఖాళీ అని విడగొట్టి చూశాం. కథ ముందే తెలుసు కాబట్టి ఏ గీత ఎందుకు పడిందో పోల్చుకోవడం తేలికైంది. ఈ పాఠం ఇంకా బయటికి రాని నవల గురించి. ప్రచురణకర్త ముఖచిత్రం విడుదల చేసిన రోజుకీ, పుస్తకం మీ చేతికొచ్చే రోజుకీ మధ్య కొన్ని వారాలుంటాయి, ఒక్కోసారి నెలలు. అన్నాళ్లూ మీ దగ్గరుండేది ఒక బొమ్మ, ఒక పేరు, నాలుగు వాక్యాల పరిచయం. అంత తక్కువలోంచి ఎంత చదవొచ్చో నేర్చుకోవడమే ఈ వారం పని.

కావలసినవి: గీతల నోటుపుస్తకం, మిల్లీమీటర్ల స్కేలు, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఫోను. రంగుపెన్సిళ్లు అక్కర్లేదు.

ముందు ఒక నవల ఎంచుకోండి. మన దగ్గర కొత్త పుస్తకాలు గుంపుగా వచ్చే కాలం డిసెంబరు, జనవరి. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలకి అందించాలని ప్రచురణకర్తలు పరుగులు పెట్టేది అప్పుడే. అందుకే అక్టోబరు, నవంబరుల్లో ముఖచిత్రాలు వరసగా బయటపడతాయి. ప్రచురణకర్తల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చూస్తూంటే చాలావరకు దొరుకుతాయి. నవలల పోటీల ఫలితాలు ఇంకా ముందు తెలుస్తాయి. తానా, ఆటా లాంటి ప్రవాస సంస్థలు పెట్టిన పోటీల్లో బహుమతి ప్రకటన ముందు, పుస్తకం తర్వాత. కాబట్టి విజేతల పట్టిక చేతిలో ఉంటే రాబోయే నవలల పట్టిక ఉన్నట్టే. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలైతే మరీ మంచిది. వారం వారం వేసిన బొమ్మలు ఒకపక్క, పుస్తకం అట్ట ఒకపక్క పెట్టి చూడొచ్చు.

ఒక్క నవలే ఎంచుకోండి. ఐదారు పెట్టుకుంటే అన్నీ పైపైనే చూస్తారు.

గోరంత చేసి చూడండి

బొమ్మను ఫోన్లో దాచుకుని, గ్యాలరీలో బొటనవేలి గోరంత కనపడేలా పెట్టండి. చెయ్యి బారగా చాపి మూడు సెకన్లు చూసి, ఫోను బోర్లించండి. గుర్తున్నది రాయండి. నవల పేరు చదవగలిగారా? ముందు ఏ రంగు తగిలింది? మనిషి ఉన్నాడా, ఉంటే మొహం మనవైపా, అటువైపా? ఆన్‌లైన్ దుకాణంలో కొనేవాళ్లలో చాలామంది అట్టను మొదట చూసేది ఈ కొలతలోనే. పేరు చదవలేకపోయారంటే సాధారణంగా కారణం అక్షరాలు చిన్నవి కావడం కాదు, వెనకున్న రంగుకీ వాటికీ తేడా చాలకపోవడం.

అది తేల్చుకోడానికి ఫోన్ ఎడిటర్లో రంగు తీసేసి బొమ్మను నలుపుతెలుపు చేయండి. ఆకుపచ్చ పొలం మీద ఎర్ర అక్షరాలు తెరమీద ధగధగలాడతాయి. రంగు తీయగానే రెండూ ఒకే బూడిదరంగై పేరు మాయమవుతుంది. పేరు నిలబడాల్సింది రంగు బలంతో కాదు, వెలుగునీడల బలంతో. ఈ ఒక్క పరీక్ష నెల రోజులు చేస్తే కంటికి అలవాటై, తర్వాత ఎడిటర్ అవసరమే ఉండదు.

అక్షరాల దగ్గర ఆగండి

ఈ పాఠంలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. తెలుగు అట్ట బాగుందో లేదో సగం తేలేది అక్షరాల దగ్గరే, ఎక్కువమంది చూడకుండా దాటేసేదీ అదే.

మనం ఊహించుకున్న ఒక నవల పేరు ‘స్వర్ణముఖి తీరంలో’ అనుకుందాం. రెండు వరసల్లో, మధ్యకి సర్ది రాశారు. పై వరసలో స కింద వ వత్తు, ర కింద ణ వత్తు కిందికి దిగుతాయి. కింది వరసలో ‘తీ’ మీది గుడిదీర్ఘం, ‘లో’ మీది ఓత్వం పైకి లేస్తాయి. కింది వరస పొట్టిది కాబట్టి ‘తీ’ సరిగ్గా ణ వత్తు కిందికి వచ్చే అవకాశం ఉంది. ఇంగ్లీషు పేరుకి సరిపడేంత వరస దూరం ఇచ్చి వదిలేస్తే వత్తూ గుడీ గుద్దుకుంటాయి. గుద్దుకోకూడదని దూరం మరీ పెంచితే రెండు వరసలూ రెండు వేర్వేరు పేర్లలా విడిపోతాయి. అక్షరం కొలతకి ఒకటిన్నర రెట్లు వరస దూరంతో మొదలుపెట్టి, కింది వరసను నాలుగు మిల్లీమీటర్లు కుడికో ఎడమకో జరిపి, వత్తు దిగేచోట ఖాళీ వచ్చేలా సర్దడం డిజైనర్ నేర్పు. మీ దగ్గరున్న ముఖచిత్రంలో ఈ సర్దుబాటు జరిగిందా? వత్తులన్నిటి చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి చూడండి. తెలిసి చేసిన అట్టలో వత్తు ఖాళీలో కూర్చుంటుంది.

రెండోది, విరిగిన అక్షరాలు. డిజైన్ సాఫ్ట్‌వేర్లో భారతీయ లిపుల సెట్టింగు పెట్టకపోతే ‘స్వర్ణముఖి’ కాస్తా ‘స్‌వర్‌ణముఖి’ అయి కూర్చుంటుంది. పొల్లు బయటపడి, వత్తు పక్కకొచ్చేస్తుంది. పేరులో ఇలాంటి తప్పు పడితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. వెనక అట్ట మీది చిన్నక్షరాల్లో పట్టుకోరు. అక్కడ ‘క్ష’, ‘జ్ఞ’, ‘స్త్ర’ ఉన్న మాటలు వెతికి చూడండి. తప్పు కనిపిస్తే, పుస్తకం ఇంకా ప్రెస్సుకి వెళ్లకపోయి ఉండొచ్చు కాబట్టి, ప్రచురణకర్తకి మర్యాదగా ఒక ముక్క రాయండి. అచ్చయ్యాక ఎత్తి చూపడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

మూడోది, అక్షరాల స్వభావం. డీటీపీ (కంప్యూటర్లో అక్షరాలు కూర్చడం) రాకముందు నవల పేరు చేత్తో రాసేవారు. బాపు (1933–2014) రాసిన అక్షరాలు ఎంతగా అల్లుకుపోయాయంటే, ఆ వంపులు తర్వాత ఫాంటుగా వచ్చి పెళ్లి శుభలేఖలదాకా పాకాయి. ఆ ఫాంటు చూడగానే మన మనసు కొంచెం నవ్వుకీ, కొంచెం వేడుకకీ సిద్ధపడిపోతుంది. రైతు ఆత్మహత్య గురించిన నవలకి అదే వాడితే కథ మొదలవకముందే శ్రుతి తప్పుతుంది. అది ఫాంటు లోపం కాదు, ఎంపిక లోపం. ఇప్పుడు రామభద్ర, సూరన్న, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర లావుగా, బరువుగా నిలబడుతుంది. పోస్టరు మీద బాగుంటుంది కానీ నాజూకు ప్రేమకథ పేరుకి అరుపులా ఉంటుంది. చేత్తో రాశారా, ఫాంటా అని తేల్చాలంటే పేరులో రెండుసార్లు వచ్చిన అక్షరం వెతకండి. రెండూ అచ్చుగుద్దినట్టుంటే ఫాంటు, ఇసుమంత తేడా ఉంటే చేతిరాత. అక్షరం ఫాంటే అయినా కొందరు డిజైనర్లు దాన్ని విడిగా చెక్కుతారు. దీర్ఘం సాగదీసి నది చేస్తారు, సున్నాని సూర్యుణ్ణి చేస్తారు. ఆ చెక్కుడు కథకి పనికొస్తుందా, ఊరికే అలంకారమా అన్నది నోట్ చేసుకోండి.

బొమ్మ ఇచ్చే మాట

బొమ్మను ఎదురుగా పెట్టుకుని మూడు ప్రశ్నలకి మూడు వాక్యాలు రాయండి, తేదీ వేయండి. కథ ఎక్కడ జరుగుతుంది? ఎప్పటి కాలం? ఎవరికి ఏం పోతుంది? మూడోదానికి బొమ్మలో లేనిదాన్ని చూడాలి: ఖాళీ ఉయ్యాల, తలుపు దగ్గర ఒక్క చెప్పు, మనిషి లేని నాగలి. ముందు పరిచయ వాక్యాలు చదవకండి. చదివితే కన్ను బొమ్మను వదిలేసి వాటికి సాక్ష్యాలు వెతుకుతుంది.

తర్వాత చిత్రకారుడి పేరు చూడండి. చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య పెట్టిన ‘వపా’ సంతకం ఎందరో పాఠకులకి ఇప్పటికీ కళ్లముందుంటుంది. ఈనాటి అట్టల మీద సంతకం అరుదు. లోపల కాపీరైటు పేజీలో ‘ముఖచిత్రం’ అని ఒక వరస ఉండాలి, విడుదల చేసే ప్రకటనలోనూ ఉండాలి. బొమ్మ వేసినవాళ్ల పేరు లేకుండా ముఖచిత్రం విడుదల చేయడం అన్యాయం. పేరు దొరికితే ఆ చిత్రకారుల పాత అట్టలు మూడు వెతికి పక్కన పెట్టుకోండి. మళ్లీ మళ్లీ వచ్చే రంగు, మళ్లీ మళ్లీ వచ్చే మనిషి భంగిమ కనపడతాయి. ఈ నవల కోసం ప్రత్యేకంగా ఏం చేశారో అప్పుడే తెలుస్తుంది.

పేరు లేకపోతే, యంత్రం గీసిన బొమ్మేమో చూసుకోండి. బొమ్మలో దుకాణం బోర్డుంటే దాని మీది అక్షరాలు తెలుగులా అనిపించి, ఏ అక్షరమూ కాకుండా పోతాయి. వేళ్లు లెక్కకి రావు. కాడి మెడమీద ఉంటుంది కానీ పలుపు ఎక్కడా కట్టి ఉండదు.

వెన్ను లెక్క

అట్ట అంటే ముందు ముఖం ఒక్కటే కాదు. వెనక అట్ట, వెన్ను, ముందు అట్ట కలిపి ఒకే కార్డు. పూర్తి అట్ట విడుదల చేశారంటే వెన్ను మీద లెక్క వేయండి. పుస్తకం ఫారాల (అచ్చేసి మడిచిన పెద్ద కాగితాల) లెక్కన తయారవుతుంది, సాధారణంగా ఫారానికి 16 పేజీలు. 13 ఫారాలంటే 208 పేజీలు, అంటే 104 ఆకులు. ఆకు మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే వెన్ను 10.4 మిల్లీమీటర్లు. అసలు మందం తెలియాలంటే అదే ప్రచురణకర్త పాత పుస్తకంలో వంద ఆకులు బిగించి పట్టి కొలిచి, వందతో భాగించండి.

తేడా వచ్చేది ఎక్కడంటే, అట్ట ఫైలు 10.4కి తయారై ముఖచిత్రం విడుదలయ్యాక ముందుమాటలు రెండు, చివర అభిప్రాయాలు కొన్ని చేరి పుస్తకం 240 పేజీలవుతుంది. వెన్ను 12 మిల్లీమీటర్లు కావాలి. ఫైలు మార్చకుండా అదే కట్టేస్తే 1.6 మిల్లీమీటర్ల తేడాలో ముందు అట్ట రంగు 0.8 ఇటు, వెనక అట్ట రంగు 0.8 అటు వెన్ను మీదికి ఎక్కుతుంది. వెన్నుకి వేరే రంగు వేసిన అట్టల అంచుల్లో కనపడే సన్నటి చార అదే. ఈ చిక్కు తెలిసిన డిజైనర్ ముందు అట్ట రంగునే వెన్ను చుట్టూ తిప్పేస్తాడు, గీత ఎక్కడ పడినా తెలియదు.

వెన్ను మీద తెలుగు రాయడం కష్టం. 10 మిల్లీమీటర్లలో రెండువైపులా ఒకటిన్నర చొప్పున వదిలితే మిగిలేది 7. అందులో గుడికీ వత్తుకీ చోటిస్తే అక్షరం ఒళ్లు 3 మిల్లీమీటర్లకి మించదు. మీరు చూస్తున్న అట్టలో అంతకంటే పెద్దగా ఉంటే మడతలో వత్తు తెగే ప్రమాదం ఉంది. అక్షరాలు ఏ దిక్కుకి తిరిగాయో కూడా రాసుకోండి. పుస్తకం ముఖం పైకి పెట్టి బల్లమీద ఉంచితే వెన్ను నిటారుగా చదవగలగాలి. కొన్ని పుస్తకాల్లో దీనికి తలకిందులుగా ఉంటుంది, అల్మరాలో మెడ అటోసారి ఇటోసారి వంచాల్సి వస్తుంది.

వెనక అట్ట మీద బార్‌కోడ్ చోటు ఖాళీగా ఉంటే ఫైలు ఇంకా ఖరారు కాలేదని అనుమానించొచ్చు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. మన దేశపు ఐఎస్‌బీఎన్ 978-81తో గానీ 978-93తో గానీ మొదలవుతుంది. అది చేరిపోయి ఉంటే ప్రెస్సుకి దగ్గర పడినట్టే.

పుస్తకం చేతికొచ్చాక

ఫోన్లో ఉన్న బొమ్మనీ అచ్చునీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టండి. రంగులు తేడాగా ఉంటాయి, అది మోసం కాదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. ప్రెస్సు నీలం, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో చూపిస్తుంది. మెరిసే చిలకపచ్చ, ముదురు నారింజ అచ్చులో డీలాపడతాయి. తెరమీది గాఢ నీలంలో మెజెంటా పాలు తగ్గించకపోతే ఊదాలోకి జారుతుంది. మాట్ లామినేషన్ (మెరుపులేని ప్లాస్టిక్ పొర) వేస్తే నలుపు ఇంకాస్త బూడిదబారుతుంది. ముదురు రంగు మాట్ అట్ట మీద వేలిముద్రలు కూడా ఎక్కువ కనపడతాయి.

భూతద్దంతో చిన్నక్షరాల అంచులు చూడండి. నల్లక్షరం పక్కన గులాబీ గీతో నీలం గీతో ఉంటే ఆ అక్షరాన్ని నాలుగు సిరాలు కలిపి అచ్చేశారని, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోలేదని అర్థం. చిన్నక్షరానికి ఒక్క నలుపు సిరా చాలు.

వానాకాలంలో అట్ట బయటికి లేచిందంటే కారణం లామినేషన్. బయటివైపు ప్లాస్టిక్ పొర ఉంది కాబట్టి తేమ తగలదు. లోపలివైపు కార్డు తేమ పీల్చి సాగుతుంది, అట్ట విల్లులా వంగుతుంది. పైన బరువు పెట్టి పొడిచోట నాలుగు రోజులుంచితే చాలావరకు సర్దుకుంటుంది. తెరిచేచోట రంగు చిట్లితే మాత్రం సర్దుకోదు. కార్డు పీచు వెన్నుకి సమాంతరంగా కాకుండా అడ్డంగా పడినప్పుడు అలా జరుగుతుంది.

అభ్యాసం

నోటుపుస్తకంలో ఎడమ పేజీ ఇప్పుడు నింపండి: ముఖచిత్రం చూసిన తేదీ, చెప్పిన విడుదల తేదీ, చిత్రకారుడు, డిజైనర్, పుస్తకం సైజు (1/8 డెమ్మీనా, 1/8 క్రౌనా; డెమ్మీ, క్రౌన్ అచ్చుకాగితం సైజులు), పేజీలు, వెన్ను లెక్క, మీ మూడు వాక్యాలు. కుడి పేజీ ఖాళీగా వదలండి. సగం నవల చదివాక ఒకసారి, పూర్తిచేశాక ఒకసారి అట్ట మూసి చూసి అక్కడ రాయండి. మూడు వాక్యాల్లో ఏది తప్పిందో, ఆ తప్పుకి మిమ్మల్ని తీసుకెళ్లింది బొమ్మలో ఏ ముక్కో రాయడం మర్చిపోకండి. ఎడమ పేజీని మాత్రం దిద్దకండి.

5వ పాఠంలో ఒకే నవల మూడు ముద్రణల అట్టలు పక్కపక్కన పెట్టి చూద్దాం. మీ ఇంట్లో గానీ, ఊరి గ్రంథాలయంలో గానీ అలాంటి నవల ఒకటి ఇప్పటినుంచే వెతికి ఉంచుకోండి.