అమెరికాలో పాత సైనిక రైఫిళ్ల సేకరణకు ‘టైప్ 03’ లైసెన్సు: దరఖాస్తు విధానం

అమెరికాలో చారిత్రక విలువ గల తుపాకులను సేకరించేవారికి సమాఖ్య ప్రభుత్వం ‘టైప్ 03’ అనే లైసెన్సు ఇస్తుంది. సేకరణదారుల వాడుకలో దీని పేరు ‘సీ అండ్ ఆర్’ (క్యూరియోస్ అండ్ రెలిక్స్, అంటే అపురూప, చారిత్రక వస్తువులు). 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం కింద ఏటీఎఫ్ (మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాల వ్యవహారాలు చూసే సమాఖ్య సంస్థ) దీన్ని జారీ చేస్తుంది. రుసుము మూడేళ్లకు 30 డాలర్లు. లైసెన్సు లేనివారు వేరే రాష్ట్రంలోని వ్యక్తి దగ్గర రైఫిల్ కొంటే, దాన్ని సొంత రాష్ట్రంలోని డీలరు వద్దకు రప్పించి, కొనుగోలుదారు తన వివరాలు రాసే ఫారం 4473 నింపి, పూర్వాపరాల తనిఖీ ముగిశాకే తీసుకోవాలి. లైసెన్సు ఉన్నవారు మాత్రం, సమాఖ్య చట్టం వరకు, అర్హమైన పాత ఆయుధాన్ని నేరుగా తమ చిరునామాకే తెప్పించుకోవచ్చు.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి, తుపాకీ కలిగి ఉండకూడదని చట్టం నిషేధించిన వర్గాల్లో ఉండకూడదు. మన తెలుగువారు ముందుగా చూసుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు దరఖాస్తు చేసుకోవచ్చు గాని, హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి తుపాకీ దగ్గర ఉంచుకోవడమే సాధారణంగా సమాఖ్య నేరమవుతుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, న్యాయవాదిని సంప్రదించకుండా వాటిని నమ్ముకుని సేకరణకు దిగడం వివేకం కాదు.

ఏ రైఫిల్ ఈ లైసెన్సు కిందికి వస్తుందన్నది దరఖాస్తు కన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. తయారై 50 ఏళ్లు నిండి, మూల రూపంలోనే ఉన్న ఆయుధం దానంతటదే అర్హత పొందుతుంది. నకళ్లు ఈ లెక్కలోకి రావు. కనుక రెండో ప్రపంచ యుద్ధం నాటి గరాండ్, లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లతో పాటు, మన ఇషాపూర్ కర్మాగారంలో 1960ల దశాబ్దంలో 7.62 ఎం.ఎం. తూటాకు తయారైన రైఫిల్ కూడా అర్హమైనదే. అయితే ఎవరో వేటకు అనువుగా గొట్టం కోసి, చెక్క మార్చిన రైఫిల్ ఎంత పాతదైనా వయసు ఒక్కటే ఆధారంగా అర్హత పొందదు. 50 ఏళ్లు నిండనిదైనా మ్యూజియం క్యురేటరు చారిత్రక ఆసక్తి గలదని ధ్రువీకరించినది, లేదా అరుదైనదిగా, చారిత్రక వ్యక్తితో గాని ఘట్టంతో గాని ముడిపడినదిగా విలువ సంతరించుకున్నది అర్హత పొందవచ్చు. ఇక 1898లో గాని అంతకుముందు గాని తయారైన తుపాకీని ఈ చట్టం పురాతన వస్తువుగానే చూస్తుంది కాబట్టి, దానికి సమాఖ్య లైసెన్సే అవసరం లేదు. మెషిన్‌గన్ విషయంలో దీనికి పూర్తి విరుద్ధం: ఎంత పాతదైనా వాటికి వర్తించే వేరే చట్టం నుంచి ఈ లైసెన్సు విముక్తి కలిగించదు.

దరఖాస్తుకు ఏటీఎఫ్ ఫారం 7 నింపాలి. సేకరణదారుల నుంచి వేలిముద్రలు, ఫొటో అడగరు. పేరు, నివాస చిరునామా గుర్తింపు పత్రాల్లో ఉన్నట్టే రాసి, నిషేధిత వర్గాలకు సంబంధించిన ప్రశ్నలకు నిజాయితీగా జవాబిచ్చి, సంతకం చేసి, రుసుముతో సహా ఫారం మీద సూచించిన చిరునామాకు పంపాలి. ఒక ప్రతిని స్థానిక పోలీసు ప్రధానాధికారికి లేదా షెరిఫ్‌కు కూడా పంపాలి. అది అనుమతి కోరడం కాదు, తెలియజేయడం మాత్రమే. సక్రమంగా అందిన దరఖాస్తుపై 60 రోజుల్లో నిర్ణయం తీసుకోవాలని చట్టం చెబుతుంది.

లైసెన్సు చేతికి వచ్చాక అసలు బాధ్యత మొదలవుతుంది. కొన్న ప్రతి అర్హమైన ఆయుధం వివరాలను, అంటే తయారీదారు, నమూనా, క్రమసంఖ్య, తూటా కొలత, ఎవరి నుంచి వచ్చిందీ, మరుసటి పనిదినం ముగిసేలోగా రిజిస్టరులో రాయాలి. అమ్మితే 7 రోజుల్లోగా నమోదు చేయాలి. ఏటీఎఫ్ ఏడాదికి ఒకసారి తనిఖీ చేయవచ్చు. ఇల్లు చూపించడం ఇష్టం లేనివారు రిజిస్టరునూ ఆయుధాలనూ సంస్థ కార్యాలయానికి తీసుకెళ్లి చూపించుకునే వీలుంది.

ఈ లైసెన్సు సేకరణకే గాని వ్యాపారానికి కాదు. లాభం కోసం పదేపదే కొని అమ్మేవారు డీలరు లైసెన్సే తీసుకోవాలి. రాష్ట్ర, నగర చట్టాలు ఇంకా కఠినంగా ఉన్నచోట వాటికే కట్టుబడాలి. భారతదేశంలోని తాతగారి తుపాకీని అమెరికాకు తెచ్చుకోవాలన్నా ఈ లైసెన్సు ఒక్కటే చాలదు. దిగుమతికి ఫారం 6 ద్వారా ముందుగా విడిగా అనుమతి పొందాలి.