మోదుగాకు విస్తరి కారకుండా కుట్టడం ఎలా?

విస్తరి కుట్టడం రాదని ఎవరూ ఒప్పుకోరు. చారు పోసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఈమధ్య పిల్లల పుట్టినరోజుకో, కార్తీక వనభోజనాలకో, ఊరికే ఆదివారం భోజనానికో సరదాపడి ఆకులు తెచ్చుకుని ఇంట్లోనే కుడుతున్నారు. సంతోషమే. కానీ కొందరు స్టాప్లర్ పట్టుకుని కూర్చుంటారు. ఇంకొందరు చెట్టు నుంచి తెంపిన ఆకును అప్పటికప్పుడు కుట్టేసి, తినే వేళకి అది నోళ్లు తెరిస్తే మోదుగాకు మంచిది కాదంటారు. ఆకు తప్పేమీ లేదు. పని తెలిసి చేస్తే ముద్దపప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా అన్నీ నిలుస్తాయి.

కావలసినవి

మోదుగాకులు, వేప ఈనెలు, ఒక పీట, తడిగుడ్డ, పైన పెట్టడానికి ఏదైనా బరువు. అంతే. కత్తెర కూడా అక్కర్లేదు, గోరు చాలు.

మోదుగ కొమ్మకు ఆకులు మూడేసి చొప్పున ఉంటాయి. మధ్య ఆకు పెద్దది, రెండు వైపులా సమానంగా ఉంటుంది. పక్కన ఉన్న రెండూ కొంచెం ఒంటివాటుగా ఉంటాయి. కోసేటప్పుడే మధ్య ఆకులు ఒక కట్ట, పక్క ఆకులు ఒక కట్టగా వేరు చేసుకోండి. అన్నీ ఒకే సంచిలో కుక్కి తెచ్చి, కుట్టేటప్పుడు వెతుక్కుంటే ఓపిక అక్కడే అయిపోతుంది. వానలు పడ్డాక, శ్రావణం నుంచి కార్తీకం దాకా ఆకు బాగా ముదిరి, మందంగా ఉంటుంది. మాఘ ఫాల్గుణాలకి చెట్టు ఆకు రాల్చేసి ఎర్రగా పూస్తుంది. ఆ పూలు హోలీ రంగుకి పనికొస్తాయి గానీ విస్తరికి అప్పుడు ఏమీ దొరకదు. చైత్ర వైశాఖాల్లో వచ్చే లేతాకు చూడ్డానికి బాగుంటుంది, చేతిలో చిరిగిపోతుంది. హైవే పక్కన చెట్టు జోలికి పోకండి. ఆ దుమ్ము, పొగమసి ఎంత కడిగినా పోవు.

మోదుగ దొరకని పట్నం వాళ్లు బాదం ఆకు వాడుకోవచ్చు. సందుకో బాదం చెట్టు ఉంటుంది, ముదురు పచ్చాకు కోసుకోండి. మర్రాకు కూడా కుట్టొచ్చు గానీ తొడిమ దగ్గర పాలు కారి చేతులన్నీ జిగటవుతాయి. మన్యం నుంచి వచ్చే అడ్డాకు దొరికితే అదృష్టం, దానంత గట్టి ఆకు లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఏ చెట్టో తెలియని ఆకులో అన్నం పెట్టకండి. గన్నేరు విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆకు వెడల్పుగా ఉంది కదా అని పార్కులో కనపడిందల్లా కోసుకొచ్చే వాళ్లను చూశాను కాబట్టే ఇది చెప్పాల్సి వస్తోంది.

పుల్ల విషయంలో బేరం లేదు. వేప ఈనె తప్ప ఇంకోటి వాడొద్దు. కొబ్బరి ఈనె నిలువునా చీల్చుకుంటే పనికొస్తుంది అంటారు. వస్తుంది, కానీ చీల్చడం అందరికీ రాదు, లావుగా ఉంటే చిల్లు పెద్దదవుతుంది. వెదురు పుల్లకి కత్తి పనితనం కావాలి. టూత్‌పిక్ అయితే చెప్పనే వద్దు, అది ఆకుని గుచ్చదు, పొడుస్తుంది. వేప రెమ్మలు పచ్చిగా ఉన్నప్పుడే కోసి, ఆకులు దూసేసి, ఈనెలను నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. వంచితే వంగాలి, ఇంకా వంచితే టప్పున విరగాలి. చెట్టు కింద రాలిన ఈనెలు ఏరితే అవి ఆకులోకి దిగకముందే ముక్కలవుతాయి.

ఇక స్టాప్లర్. పిన్ను అన్నంలోకి రాదు అని వాదిస్తారు. వస్తుంది. వేడి అన్నం పడగానే ఆకు మెత్తబడి పిన్ను వదులవుతుంది. అన్నంలోకి రాకపోయినా, తిన్నాక ఆ విస్తరి ఎక్కడికి పోతుంది? వీధిలో ఆవు తింటుంది. ఇనప ముక్కలు పశువు కడుపులో చేరితే ఏమవుతుందో ఏ పశువుల డాక్టరునైనా అడగండి. ఆకు భోజనం పర్యావరణానికి మంచిదని ఫోటో పెట్టి, దాన్ని ఇనప పిన్నులతో కుట్టడంలో అర్థం లేదు.

ముందు రోజు

ఆకులను తడిగుడ్డతో రెండు వైపులా తుడిచి, నునుపు వైపు నునుపుకి తగిలేలా దొంతర పేర్చి, పీట కింద పెట్టి, పైన రోలో, బియ్యం డబ్బానో ఎత్తండి. ఒక రాత్రి చాలు. పచ్చాకు కుడితే తర్వాత అది ఆరుతూ ముడుచుకుంటుంది, కుట్టు దగ్గర చిల్లు సాగుతుంది, సందు పడుతుంది. అదే పూర్తిగా ఎండిపోతే పుల్ల దిగగానే పగులుతుంది. ఆకు మధ్యస్థంగా వాడిపోవాలి. పరీక్ష సులువు: ఆకు అంచు మడిచి వదలండి. చప్పుడు చేస్తూ విరిగితే ఎండిపోయింది, నీళ్లు చిలకరించి గుడ్డ కప్పి గంట ఆగండి. మడత దగ్గర తడి చెమ్మ పైకి వస్తే ఇంకా పచ్చి, ఇంకో పూట బరువు కింద ఉంచండి. మడత పడి, మెల్లగా సగం విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

పేర్చడం

ఆకుకి పై వైపు నునుపుగా, ముదురు పచ్చగా ఉంటుంది. అడుగు వైపు లేత రంగు, సన్నటి నూగు. తినేది నునుపు వైపు. కుట్టేటప్పుడు మాత్రం ఆ నునుపు వైపు పీట మీదకి బోర్లా పడాలి, మనకి నూగు వైపు కనపడాలి. ఎందుకో కుట్టు దగ్గర చెబుతాను.

మంచి మధ్య ఆకు ఒకటి, జానెడు పొడవుది, తొడిమ తుంచేసి మొదట బోర్లా వేయండి. అదే నడిమి ఆకు. దాని చుట్టూ ఏడో ఎనిమిదో పక్క ఆకులు, తొడిమ వైపు లోపలికి, కొన వైపు బయటికి వచ్చేలా. మోదుగాకు తొడిమ దగ్గర ఇరుకు, కొన దగ్గర వెడల్పు. అందుకే ఇలా పెడితేనే వలయం చక్కగా కూడుతుంది. కొన లోపలికి పెట్టేవాళ్లున్నారు. వాళ్ల విస్తరికి బయట ఖాళీలు, లోపల కుప్ప. ప్రతి ఆకు అంచూ పక్కదాని మీదకి రెండు వేళ్ల వెడల్పు ఎక్కాలి. అన్నీ ఒకే దిక్కుగా ఎక్కాలి, ఒకటి ఇటు ఒకటి అటు కాదు.

నడిమి ఆకు మొదట వేయడానికి కారణం ఉంది. బోర్లా వేసి కుడుతున్నాం కాబట్టి, తిప్పాక అదే అన్నిటికన్నా పైకి వస్తుంది. అన్నం కుప్ప మధ్యలో పెడతాం, చారు అక్కడి నుంచి బయటికి పారుతుంది. ఇంటి కప్పు మీద పెంకులు పైది కిందదాని మీదకి ఎక్కినట్టు, నడిమి ఆకు అంచు చుట్టుపక్కల ఆకుల మీదకి ఎక్కి ఉంటే చారు దాని మీంచి జారి పక్క ఆకు మీదే పడుతుంది. నడిమి ఆకు అడుగున ఉంటే? చారు సరిగ్గా ఆ సందులోకే పోతుంది. నడిమి ఆకు కింద ఉండాలని మా వాళ్లలోనే పెద్దవాళ్లు కొందరు వాదిస్తారు. వాదించనివ్వండి, వాళ్ల విస్తట్లో ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి.

కుట్టడం

ఇక్కడ తొందరపడితే పై పనంతా దండగ. నెమ్మదిగా చదవండి.

పుల్ల సన్నని కొనతో మొదలుపెట్టాలి. రెండు ఆకులు కలిసే చోట, అంచు నుంచి అర వేలు లోపలికి, పైనుంచి కిందకి గుచ్చండి. కొన పీట మీది నునుపు వైపు తేలాక, రెండు బియ్యపు గింజలంత దూరం పోనిచ్చి మళ్లీ పైకి, అంటే నూగు వైపు తీయండి. ఆకును కొద్దిగా ఎత్తి, కింద చూపుడు వేలు ఆన్చి పట్టుకుంటే కొన ఎక్కడుందో తెలుస్తుంది. పైకి వచ్చిన పుల్లను రెండు పక్కలా బియ్యపు గింజంత వదిలి గోటితో విరిచేయండి. అంటే విరిగిన మొనలు రెండూ అడుగు వైపే ఉంటాయి, తినే వైపు చిన్న గీత మాత్రమే కనపడుతుంది. బోర్లా వేసి కుట్టమన్నది ఇందుకే. నునుపు వైపు నుంచి కుట్టే వాళ్ల విస్తట్లో అన్నం కలిపితే వేళ్లకి గుచ్చుకుంటుంది. పిల్లలకి పెట్టేది అయితే ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు అందరూ చెడగొట్టే చోటు. ఆకు మధ్యలో నడి ఈనె, దాని నుంచి అంచుల దాకా ఏటవాలుగా పక్క ఈనెలు పోతాయి. ఆకు చిరిగేదీ ఆ దారినే. పుల్లను పక్క ఈనెల దారిలోనే గుచ్చారంటే చేతులారా చీల్చినట్టే. కాస్త లాగితే అంచు దాకా నిలువునా విచ్చుకుంటుంది. కుట్టు ఎప్పుడూ అంచు వెంబడి నడవాలి, పక్క ఈనెలను అడ్డంగా దాటాలి. ప్రతి కుట్టు కిందా కనీసం ఒక్క పక్క ఈనె పడాలి. ఆ ఈనే కుట్టుకి పట్టు. ఈనె లేని పలచటి చోట వేసిన కుట్టు, ఎంత అందంగా ఉన్నా, అన్నం బరువుకి ఊడుతుంది. వెలుగుకి ఎదురుగా కూర్చోండి, ఆకు వెనక ఈనెలు ఉబ్బెత్తుగా కనపడతాయి. అందుకు కూడా నూగు వైపు పైకి ఉండటమే మంచిది.

నడి ఈనెను మాత్రం గుచ్చకండి. అది లావు, పుల్ల విరుగుతుంది, విరగకపోతే ఆకు అక్కడ మడత పడి పగులుతుంది.

ఇంకో సంగతి, పుల్లను లాగకూడదు. దారంతో బట్ట కుట్టే అలవాటు ఉన్నవాళ్లు బిగించాలని చూస్తారు. ఇక్కడ బిగింపు లేదు. రెండు ఆకులూ చదునుగా ఒకదాని మీద ఒకటి పడుకోవాలి, పుల్ల వాటిని కదలకుండా పట్టుకోవాలి, అంతవరకే. ఆకు ముడత పడిందంటే కుట్టు బిగిసిందని అర్థం. విరిచి తీసేసి, పక్కన ఇంకో చోట వేయండి. అదే చిల్లులో మళ్లీ గుచ్చొద్దు, పెద్దదవుతుంది.

ఒక్కో జంట ఆకుల మధ్య మూడు కుట్లు చాలు: లోపల ఒకటి, నడుమ ఒకటి, బయటి అంచు దగ్గర ఒకటి. నడిమి ఆకుకీ వలయానికీ మధ్య ప్రతి ఆకు దగ్గరా ఒకటి. ఎక్కువ కుట్లు వేస్తే ఎక్కువ గట్టి అనుకోవడం పొరపాటు. ప్రతి కుట్టూ రెండు చిల్లులు, ప్రతి చిల్లూ చారుకి దారి. వలయం పూర్తయ్యాక మధ్యలో ఇంకో ఆకు, దీన్నీ బోర్లానే, పైన వేసి అంచు దగ్గర నాలుగు కుట్లతో పట్టించండి. తిప్పాక అది అడుగున అస్తరులా ఉంటుంది. ఇది దండగ ఖర్చు అని వదిలేసే వాళ్లకి పప్పుచారు పెట్టకండి, పులిహోర పెట్టండి.

ఇదే కుట్టుతో దొప్పలూ వస్తాయి. కోనసీమలో పనసాకులను బుట్టలుగా గుచ్చి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెట్టి పొట్టిక్కలు చేస్తారు. అంబాజీపేట వాటికి పేరు. ఆ బుట్ట చేయగలిగిన చేతికి విస్తరి లెక్క కాదు.

ఆరబెట్టడం, పరీక్ష

కుట్టినవి దొంతర పేర్చి మళ్లీ బరువు కింద ఒక రాత్రి పెట్టండి. అప్పుడే చదునుగా ఉంటాయి. దాచుకోవాలంటే ఆ తర్వాత నీడలో విడివిడిగా పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే దొంతర మధ్యలో బూజు పడుతుంది, వాసన వచ్చినవి పారేయడమే.

ఒకటి తీసి కింద పాత పేపరు పరిచి, మధ్యలో అర గ్లాసు నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఆగండి. పేపరు మీద చుక్కలు పడితే ఫరవాలేదు, అన్నం పడ్డాక అవీ ఆగిపోతాయి. మడుగు కట్టిందంటే ఎక్కడో ఆకు చీలింది. ఆ చోట అడుగున ఒక అతుకు వేయండి.

2022 జూలై 1 నుంచి దేశమంతా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మాకోల్ ప్లేట్ల మీద నిషేధం ఉంది. అప్పటి నుంచి మిషన్‌తో ఒత్తిన ఆకు ప్లేట్లు విరివిగా వస్తున్నాయి. కొనేవాళ్లు తిరగేసి చూసుకోండి, కొన్నింటికి అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. మరి ఆకు ఎందుకు కొన్నట్టు?

వడ్డన

ఎండిన విస్తరి మీద ముందు నీళ్లు చిలకరించి చేత్తో తుడవండి, మెత్తబడుతుంది. మొదటిసారి ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, ఏదైనా వేపుడు చాలు. పొయ్యి మీది నుంచి దించిన పులుసు అలాగే పోయకండి, నాలుగు నిమిషాలు ఆగండి. అన్నం ముందు వడ్డించి, మధ్యలో గుంట చేసి, చారు ఆ గుంటలోనే కొంచెం కొంచెంగా పోయాలి. గరిటె ఎత్తు నుంచి ధారగా పోసే వాళ్లని వడ్డనకి పెట్టొద్దు. పెరుగు గట్టిది వేయండి, మజ్జిగ అయితే గ్లాసులో ఇవ్వండి.

పిల్లలకి చిన్న విస్తరి, నడిమి ఆకు చుట్టూ ఐదు ఆకులతో వేరుగా కుట్టండి. పెద్దది పెడితే అంచు పట్టుకుని ఎత్తుతారు, ఎత్తితే ఎంత బాగా కుట్టినా నిలవదు. భోజనం కాగానే విస్తరి మడిచి గోతిలో వేస్తే ఎరువవుతుంది. ఆవుకి పెట్టేట్టయితే ముందు మిరపకాయలు, మునక్కాడ పిప్పి, ఎముకలు ఏరేయండి.