చిన్న తరగతుల పిల్లలకు కురుసుర చూపించాలంటే

విశాఖలో విహారయాత్ర అనగానే చాలా బడులు ఒక్కరోజులో జూ, కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఆర్కే బీచ్ అన్నీ చుట్టేస్తాయి. ఆరేడేళ్ల పిల్లలకు చివరికి గుర్తుండేది బస్సూ, ఎండా. పేట దాటి ఎక్కువ తిరగని పిల్లలకు ఒక్క చోటు చాలు, కానీ వారం ముందు నుంచే వాళ్లను సిద్ధం చేయాలి.

ముందు డబ్బు సంగతి. తలకి వంద తెమ్మంటే, ఇవ్వలేని తల్లి లేవని చెప్పదు, ఆ రోజు పిల్లాణ్ణి బడి మాన్పిస్తుంది. వసూళ్లు పెట్టకండి. బస్సు అద్దె, టికెట్లు, తిండి అన్నీ లెక్కేసి, మొత్తం సమకూరాకే తేదీ చెప్పండి. సగం మందికే సరిపోయేలా ఉంటే వాయిదా వేయండి గానీ సగం తరగతిని వదిలేయొద్దు. "అమ్మా, డబ్బులేమీ వద్దు, యూనిఫామ్ వేసి పంపండి చాలు" అని ప్రతి తల్లికీ విడిగా చెప్పాలి. కలర్ డ్రెస్ అన్నా, ఇంటి నుంచి చిరుతిళ్లు తెమ్మన్నా కొందరు చిన్నబోతారు. అందరికీ ఒకేలా అరటిపండు, పల్లీ చిక్కీ మీరే పట్టుకెళ్లండి. అనుమతి పత్రం చదవలేని వాళ్లకు చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి.

కురుసుర పొడవు సుమారు 91 మీటర్లు. పది మీటర్ల తాడును బడి ఆవరణలోనో దగ్గరి మైదానంలోనో తొమ్మిదిసార్లు పరిచి, రెండు చివర్లా ఇద్దరు పిల్లల్ని నిలబెట్టండి. అంత పెద్ద ఇనుప ఓడ మునిగి మళ్లీ ఎలా తేలుతుందన్న ప్రశ్న వాళ్లే వేస్తారు.

జవాబు తొట్టెలో చూపించాలి. అరలీటరు నీళ్ల సీసాను అడ్డంగా పడుకోబెట్టి, కింది వైపు వరుసగా మూడు కన్నాలు పెట్టండి. సరిగ్గా పై వైపు ఒక కన్నం పెట్టి సెలైన్ పైపు దూర్చి, చుట్టూ ఎమ్‌సీల్ (కన్నాలు పూడ్చే ముద్ద) పూయండి. కింది కన్నాల మధ్య వంద గ్రాముల ఇనుప నట్లు టేపుతో అంటించి, మూత గట్టిగా బిగించండి. నీళ్లలో వదిలితే పైపు గుండా గాలి పోయి, కన్నాల్లోంచి నీళ్లు చేరి సీసా మునుగుతుంది. పైపులో ఊదితే నీళ్లు బయటికి పోయి తేలుతుంది. జలాంతర్గామిలో నీళ్లు నింపే తొట్లలో జరిగేదీ ఇదే. నట్లు ఒక పక్కకి జరిగితే సీసా ఒరిగిపోతుంది. ఎమ్‌సీల్ సరిగా పట్టకపోతే ఎంత ఊదినా లేవదు, అందుకని ముందురోజే పూసి ఆరనివ్వండి. ఊదడం ప్రతి పిల్లా చేయాలి. నోట్లో పెట్టుకునే చివర ఎప్పటికప్పుడు సబ్బుతో కడగండి.

సోమవారం కురుసురకు సెలవు. మిగతా వేళలు ముందే కనుక్కోండి. మధ్యాహ్నం వెళ్లడం మేలు: భోజనం బడిలోనే అయిపోతుంది. తిన్న అరగంటకి బయల్దేరండి. బస్సు అలవాటు లేని పిల్లలు వాంతి చేసుకుంటారు, వాళ్లను ముందు సీట్లలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, కవర్లు, తడిగుడ్డ దగ్గర ఉంచుకోండి. ఆరుగురికి ఒక పెద్ద మనిషి ఉండాలి. ప్రతి పిల్ల చేతికీ టీచరు ఫోన్ నంబరున్న పట్టీ కట్టండి.

లోపల దారి ఇరుకు, గుండ్రటి గుమ్మాలు వంగి దాటాలి, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. కాబట్టి ఎక్కే ముందే మూత్రానికి పంపండి, పదేసి మందిని లోపలికి తీసుకెళ్లండి. నావికుల బొమ్మలు చూసి చిన్నవాళ్లు జడుసుకుంటారు, అవి బొమ్మలేనని బడిలోనే చెప్పాలి. వివరించే వారిని ఆయుధాల లెక్కలు తగ్గించి, నావికులు ఎక్కడ పడుకునేవారో, ఎక్కడ వండుకునేవారో చూపించమని అడగండి. పిల్లలకు పట్టేది అదే. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిందని ఒక్క మాట చెబితే చాలు.

దిగగానే పిల్లలు అలల వైపు పరుగెడతారు. అక్కడ అలలు ఉన్నట్టుండి లాగేస్తాయి, పాదాలు కూడా తడపనివ్వకండి. సముద్రాన్ని గట్టు మీద నుంచే చూపించండి. తరగతిలో మత్స్యకారులుండే జాలారిపేట పిల్లలుంటే ఆ కాసేపూ వాళ్లనే మాట్లాడనివ్వండి, సముద్రం గురించి వాళ్లకు తెలిసింది మనకు తెలియదు.

మర్నాడు వ్యాసం రాయమనొద్దు. బొమ్మ గీయించి, దాని గురించి పిల్ల చెప్పిన మాటను ఉన్నదున్నట్టు కింద మీరు రాయండి. సీసానీ తొట్టెనీ తరగతి మూలన మరో వారం ఉంచండి. జ్వరమొచ్చి ఆగిపోయిన పిల్లల పేర్లు రాసిపెట్టుకుని, తర్వాతి తరగతి వెళ్లేటప్పుడు వాళ్లనీ పంపండి.