కోఫాక్స్ కెరీర్‌ని 1966 దాటించడం ఎలా?

అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ అనే కంప్యూటర్ గేమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) శాండీ కోఫాక్స్ కెరీర్‌ని పొడిగించడం. 1966లో 27 గెలుపులు, 1.73 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ వల్ల సగటున వచ్చే పరుగులు; ఎంత తక్కువైతే అంత మంచిది). అయినా మోచేతి నొప్పితో 30 ఏళ్లకే ఆట మానేశాడు. అంత మంచి చెయ్యి అలా ఆగిపోవడం నాకు ఇప్పటికీ మనసొప్పదు.

హిస్టారికల్ లీగ్‌ని (అప్పటి నిజమైన ఆటగాళ్లతో సాగే లీగ్) 1960ల మొదట్లో మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో చరిత్ర ప్రకారం రిటైర్ చేసే ఆప్షన్ తీసేయండి. రీకాల్క్ (రేటింగుల్ని మళ్లీ లెక్కగట్టే ఆప్షన్) కూడా ఆపాలి, లేకపోతే ఆయన నిజంగా ఆడిన గణాంకాలను బట్టి రేటింగులు ఏటా మారిపోతాయి.

అసలు జాగ్రత్తంతా చేతి విషయంలోనే. పిచ్ కౌంట్‌కి (ఒక మ్యాచ్‌లో వేసే బంతుల సంఖ్యకి) పరిమితి పెట్టండి; ఆ చివరి సీజన్‌లో ఆయన 323 ఇన్నింగ్స్ వేశాడు, అంత భారం వద్దు. గాయమైతే తొందరపడి మళ్లీ ఆటలోకి దింపకండి. వయసు మీదపడ్డాక స్టఫ్ (బంతిలో పదును) తగ్గుతుంది, కంగారు పడొద్దు. కంట్రోల్ (అనుకున్న చోట బంతి వేసే నేర్పు) నిలబడితే ఇంకా గెలిపిస్తాడు. స్టామినా పడిపోతే రిలీవర్‌గా (మ్యాచ్ మధ్యలో వచ్చి కొద్దిసేపు వేసే పిచ్చర్‌గా) మార్చండి.