ఇంట్లో వడ్రంగం, 4వ భాగం: ఉలికి పదును పెట్టడం

పోయిన భాగంలో మూలమట్టం పెట్టి చాకుతో గీత గీయడం, ఆ గీత పక్కనే రంపం నడపడం చూశాం కదా. మిగిలిన చెక్కని ఉలితో గీత దాకా తీయాలి, కానీ అది మొదలెట్టే ముందు ఈ భాగం మొత్తం పదునుకే ఇచ్చేస్తున్నా. ఇంట్లో చిన్న జాగాలో చేత్తో పని చేసుకునేవాళ్ళకి దీన్ని మించిన పాఠం లేదని నా గట్టి నమ్మకం. నేను మొదటిసారి ఉలి కొన్నప్పుడు కవర్ చింపి అలాగే వాడేశా, చెక్క అంచులు నలిగిపోయి పీచులు పీచులుగా లేచేవి, చెక్కే బాలేదేమో అనుకుని మూడు రకాలు మార్చా. పదును పెట్టడం వచ్చాక అదే చెక్క మీద అదే ఉలితో ఉల్లిపొర లాంటి పొరలు లేచాయి.

కొత్త ఉలికి ఫ్యాక్టరీలో గ్రైండింగ్ వరకే చేసి పంపుతారు, చాలావాటికి తుప్పు పట్టకుండా వార్నిష్ లాంటి పూత కూడా ఉంటుంది. ముందు థిన్నర్‌తో ఆ పూత తుడిచెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి. ఉలికి ఒకవైపు వాలు, రెండోవైపు చదునుగా వీపు ఉంటాయి, ఈ రెండూ కలిసే గీతే వాదర. అందరూ వాలునే రుద్దుతారు, వీపుని పట్టించుకోరు. వీపు మీదున్న గీతలు వచ్చి వాదర దగ్గరే ఆగుతాయి కాబట్టి, వాలుని ఎంత అద్దంలా మెరిపించినా వాదర మాత్రం సన్నటి గాట్లతోనే ఉండిపోతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. మందపాటి అద్దం ముక్క ఒకటి, 320, 600, 1000, 2000 గ్రిట్ (గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ పేపర్ నున్నగా ఉంటుంది) వాటర్ పేపర్లు, కాసిని నీళ్ళు, ఒక మార్కర్, పాత తోలు బెల్టు ముక్క. సానరాళ్ళు ఉంటే ఇంకా మంచిదే, 1000 ఒకటి, 6000 ఒకటి ఉంటే చాలా ఏళ్ళు గడిచిపోతాయి, కాకపోతే వాడేకొద్దీ రాయి మధ్యలో గుంట పడుతుంది. రాయి నిండా పెన్సిల్ గీతలు గీసి, అద్దం మీద గరుకు పేపర్ వేసి ఆ గీతలన్నీ చెరిగిపోయేదాకా రుద్దితే మళ్ళీ చదునవుతుంది. నూనె రాయికి నూనె, నీటి రాయికి నీళ్ళు, రెండూ కలపొద్దు.

వీపుతో మొదలెడదాం. అద్దం తడిపి 320 పేపర్ అంటించి, ఉలి వీపుని దాని మీద పూర్తిగా ఆనించి, వాదర నుంచి ఒక 25 మి.మీ. దాకా రుద్దండి, మొత్తం వీపు అక్కర్లేదు. పిడిని వెంట్రుకవాసి కూడా పైకి లేపకూడదు, లేపితే వాదర దగ్గర గుండ్రంగా అరిగిపోతుంది, దాన్ని సరిచెయ్యడానికి మళ్ళీ బోలెడు ఇనుము తీయాలి. గీతలన్నీ ఒకే తీరుగా కనబడ్డాక 600, తర్వాత 1000, తర్వాత 2000. కొన్ని ఉలులకి పావుగంట, కొన్నిటికి గంట పైనే పడుతుంది, ఓపిక పట్టండి, ఈ పని ఒక ఉలికి ఒక్కసారే.

ఇక వాలు. మామూలు ఉలికి వాలు 25 డిగ్రీలు, దాని కొసన వాదర దగ్గర మాత్రం 30 డిగ్రీలతో సన్నటి రెండో వాలు. కోణమానిని లేకపోయినా స్కేల్ ఉంటే చాలు: వాలు పొడవు ఉలి మందానికి సరిగ్గా రెండింతలుంటే అది 30 డిగ్రీలు, 2.4 రెట్ల దగ్గర ఉంటే 25. అంటే 4 మి.మీ. మందం ఉలికి వాలు తొమ్మిదిన్నర మి.మీ. ఉంటే సరిపోయినట్టే. చెయ్యి నిలకడగా ఆడటం లేదంటే ఉలిని పక్కల నుంచి బిగించి ఒకే కోణంలో నిలిపే చక్రం గైడ్ వాడండి, అందులో ఏ తప్పూ లేదు. ఆ రకం గైడ్‌లో ఉలి వాదర గైడ్ ముందు నుంచి 40 మి.మీ. బయటికి ఉంచితే 25 డిగ్రీలు, 30 మి.మీ. ఉంచితే 30.

వాలు మొత్తం మార్కర్‌తో నల్లగా పూసెయ్యండి. పేపర్ మీద రెండు మూడు సార్లు లాగి వెలుతురులో చూడండి, నలుపు ఎక్కడ పోయిందో అక్కడే అరుగుతోందన్నమాట. వాదర పక్కన సన్నటి నల్ల గీత మిగిలిందంటే మీరు ఇంకా కొసకి చేరలేదు, వెనక భాగమే అరుగుతోంది, కోణం కాస్త ఎత్తండి. అలా రుద్దుతూ రుద్దుతూ మధ్యమధ్యలో వీపు వైపు నుంచి వేలు పెట్టి వాదర బయటికి నెమ్మదిగా జార్చి చూడండి, వాదర పొడుగునా వేలు జరపకండి, కోసుకుంటుంది. ఏదో ఒక క్షణంలో వేలికి సన్నగా గీరుకున్నట్టు తగులుతుంది, చొక్కా దారప్పోగు వేలికి తగులుకున్నట్టు. అదే బర్, అరిగిన ఇనుము రేకులా వీపు వైపుకి మడతపడటం. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బర్ తగిలితేనే తర్వాతి పేపర్‌కి వెళ్ళాలి, సగం వెడల్పులోనే తగిలితే వెళ్ళొద్దు. పదును కుదరలేదని చెప్పేవాళ్ళలో చాలామంది తొందరపడేది ఇక్కడే.

2000 అయ్యాక వీపుని అదే పేపర్ మీద చదునుగా పెట్టి రెండు మూడు సార్లు లాగితే బర్ ఊడొస్తుంది. తర్వాత తోలు. చెక్కముక్కకి తోలు అంటించి ఆకుపచ్చ పాలిష్, అదే క్రోమియం ఆక్సైడ్, రాసి, వాదర వెనక ఉండేలా ఉలిని మీ వైపుకి మాత్రమే లాగాలి, వాలు వైపు ఇరవై సార్లు, వీపు వైపు ఓ పది. ముందుకి తోస్తే తోలు తెగుతుంది.

పరీక్షకి మెత్తటి పైన్ చెక్క అడ్డకోత కొస (పీచుకి అడ్డంగా కోసిన వైపు) తీసుకుని, బల్లకి బిగించి, రెండు చేతులూ వాదర వెనకే ఉంచి సన్నటి పొర తీయండి. కోసిన చోట మైనం రాసినట్టు మెరిస్తే పదును కుదిరింది. తెల్లగా, పొడిపొడిగా, నలిగినట్టుంటే కుదర్లేదు. మెత్తటి చెక్క అడ్డకోతని మొద్దు ఉలి కోయదు, నలుపుతుంది, అందుకే గట్టి చెక్క కన్నా దీని మీదే అసలు సంగతి తెలుస్తుంది.

కరెంటు గ్రైండర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. వాదర నీలం రంగుకి తిరిగిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దగ్గరికి వెళ్ళినట్టు, మామూలు కార్బన్ ఉక్కు ఉలికి టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం, పోయినట్టే. నా మంచి ఉలి ఒకటి అలాగే కాలింది, ఆ నీలం భాగమంతా అరగదీసేదాకా వాదర నిలవలేదు. రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచుతూ ఉండండి.

పని మధ్యలో చెయ్యి ఎక్కువ బలం పెడుతోందని అనిపించగానే తోలు మీద మళ్ళీ పదిసార్లు లాగండి, తోలు పని చెయ్యనప్పుడే 1000కి వెళ్ళండి. బలం పెట్టినప్పుడే ఉలి జారి చేతిలో దిగుతుంది. పని అయ్యాక తడి తుడిచి, ఒక చుక్క నూనె రాసి పెట్టండి.

వచ్చే భాగంలో రెండు చెక్కల్లో సగం సగం మందం తీసి ఒకదాన్లో ఒకటి కూర్చోబెట్టే జాయింట్ చేద్దాం. ఈలోపు 12 మి.మీ. ఉలి ఒకటి పూర్తిగా పదును పెట్టి, పైన్ అడ్డకోత మీద తీసిన పొర ఒకటి దాచుకోండి, ఆ పొరని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి అందులో ఎక్కడన్నా చీలిక కనబడితే మార్కర్ పూసే దగ్గర్నించి మళ్ళీ మొదలెట్టండి.