బతికుండగా కిడ్నీ ఇచ్చే దాత: అనుమతి దరఖాస్తు, తీసుకోదగిన డబ్బు

కిడ్నీకి ధర కట్టడం నేరం. అవయవ మార్పిడి చట్టం (1994) 2011 సవరణను తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో స్వీకరించింది. దాని ప్రకారం కొన్నా, అమ్మినా, మధ్యవర్తిగా నిలబడ్డా 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. అయితే కిడ్నీ ఇవ్వడం వల్ల నేరుగా అయిన ఖర్చు, పోయిన సంపాదన ఈ నిషేధం కిందికి రావు. బస్సు టికెట్లు, హైదరాబాద్‌లో గది అద్దె, పని మానుకున్న రోజుల కూలీ పేషెంట్ కుటుంబం ఇవ్వొచ్చు. బిల్లులు, జీతం స్లిప్పులు దాచండి. గుండుగుత్తగా రెండు లక్షలు చేతిలో పెడితే అనుమతి ఇచ్చే కమిటీకి అది బేరంలాగే కనిపిస్తుంది.

దరఖాస్తు ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ద్వారా వెళ్తుంది. రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో నమోదు బ్రెయిన్‌డెత్ అయిన దాతల కిడ్నీ కోసం, అది వేరే దారి.

తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతానానమ్మలు, మనవలు ఇస్తే ఫారం 1. భార్యాభర్తలకు ఫారం 2. మిగతా అందరికీ ఫారం 3. పెద్దనాన్న కొడుకును అన్నయ్య అనే పిలుస్తాం గానీ చట్టం లెక్కలో ఆయన దగ్గరి బంధువు కాడు. దాత, గ్రహీత కలిసి నింపే ఫారం 11 ఎవరికైనా తప్పదు. ఫారం 3 వాళ్లు ఆథరైజేషన్ కమిటీ ముందు కూర్చోవాలి. ఇద్దరి మూడేళ్ల ఆదాయ ఆధారాలు, కలిసి దిగిన పాత ఫొటోలు అడుగుతారు. దాతది కర్నూలో రాయచూరో అయితే వేరే రాష్ట్రం కాబట్టి అక్కడి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువీకరణ, ఫారం 20 కూడా.

ఎక్కువ ఫైళ్లు పేర్ల దగ్గరే ఆగుతాయి. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పదో తరగతి మెమోలో ఒక్క పొడి అక్షరం, భార్య ఓటరు కార్డులో ఇంకా పుట్టింటి పేరు. ముందు ఇవి సరిచేయించండి. ఫొటో అతికించాకే నోటరీ ముద్ర వేయించాలి, సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా.

ఇంటర్వ్యూ వీడియో తీస్తారు. దాత మహిళ అయితే ఆమె ఇష్టాన్ని గ్రహీత కాకుండా మరొకరు నిర్ధారించాలి. ఆపరేషన్ మొదలయ్యే లోపు ఎప్పుడైనా వద్దనే హక్కు దాతకుంది.

ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. దాత పరీక్షల్లో ఏవి ప్యాకేజీలోకి వస్తాయో ఆసుపత్రిలో ఉండే పథకం సహాయకుడు ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

లాప్రోస్కోపీలో (చిన్న కోతలతో చేసే ఆపరేషన్) సాధారణంగా ఎడమ కిడ్నీ తీస్తారు, ఎందుకంటే దాని సిర (రక్తనాళం) పొడవు. మూడు నుంచి ఐదు రోజులు ఆసుపత్రి, నాలుగు నుంచి ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. నిండు బిందె కూడా వద్దు. ఆ తర్వాత ఏటా బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. మోకాళ్ల నొప్పి అని మందుల షాపులో కిడ్నీకి హాని చేసే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అడిగి కొనుక్కునే అలవాటుంటే మానేయాల్సిందే.